టాబ్లెట్‌కి ఎస్‌డీఆర్ డాంగిల్: నేరుగా గుచ్చాలా, వైఫైలో తెచ్చుకోవాలా?

తరంగిణి:
ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌ని (సాఫ్ట్‌వేర్ సాయంతో రేడియోలా పనిచేసే చిన్న యూఎస్‌బీ రిసీవర్) ఓటీజీతో (టాబ్లెట్‌కి యూఎస్‌బీ పరికరాలు తగిలించే పద్ధతి) టాబ్లెట్‌కి తగిలించడం దండగ, రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కి గుచ్చి సిగ్నల్‌ని వైఫైలో తెచ్చుకోవాల్సిందే అని చాలామంది అంటున్నారు. నేను ఒప్పుకోను. ఎఫ్ఎం, విమానాల బ్యాండు, 1090 మెగాహెర్ట్జ్ ఏడీఎస్-బీ (విమానాలు తమ స్థానం తెలిపే సిగ్నల్) వినడానికి నేరుగా గుచ్చడమే మేలు. ఓటీజీ అడాప్టర్, డ్రైవర్ యాప్, ఎస్‌డీఆర్ యాప్ ఉంటే చాలు. గుచ్చగానే ఆండ్రాయిడ్ అడిగే అనుమతిలో "ఎప్పుడూ ఇదే యాప్" అన్నచోట టిక్ పెట్టండి. బ్యాటరీ ఆప్టిమైజేషన్ ఆపండి, లేకపోతే స్క్రీన్ ఆరిన కాసేపటికి యాప్‌ని సిస్టమే మూసేస్తుంది.

కోయాక్స్:
కరెంటు సంగతి వదిలేశారు. డాంగిల్ 5 వోల్టుల దగ్గర దాదాపు 280 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, అంటే 1.4 వాట్లు. అదంతా టాబ్లెట్ బ్యాటరీ నుంచే. మైక్రో యూఎస్‌బీ టాబ్లెట్లలో చాలావాటికి ఓటీజీ నడుస్తుండగా ఛార్జింగ్ ఎక్కదు. గంటల తరబడి ఏడీఎస్-బీ నడిపేవాళ్లకి అది కుదిరే పని కాదు.

తరంగిణి:
టైప్-సీ అయితే ఛార్జింగ్ పాస్-త్రూ ఉన్న హబ్ పెట్టండి. ఇందులో వరుస ముఖ్యం: ముందు ఛార్జర్, తర్వాత డాంగిల్, చివర్లో యాప్. వింటున్నప్పుడు మధ్యలో ఛార్జర్ గుచ్చితే చాలా హబ్బులు ఒక్క క్షణం రీసెట్ అవుతాయి, డాంగిల్ కనెక్షన్ తెగిపోతుంది. యాప్ పాడైందని జనం అనుకునేది ఎక్కువగా ఇక్కడే.

వాటర్‌ఫాల్:
నాకు కరెంటు కన్నా నాయిస్ పెద్ద సమస్య. ఏంటెన్నా తీసేసి ఎస్‌ఎంఏ (ఏంటెన్నా బిగించే కనెక్టర్) దగ్గర ఏంటెన్నాకి బదులు 50 ఓమ్ల డమ్మీ లోడ్ బిగించి, యాప్‌లో సిగ్నళ్లు గీతలుగా జారే వాటర్‌ఫాల్ తెర చూడండి. 28.8, 57.6, 86.4, 115.2, 144.0 మెగాహెర్ట్జ్ దగ్గర కనిపించే సన్నటి నిలువు గీతలు డాంగిల్ సొంత క్లాక్‌వి, వాటికి టాబ్లెట్‌తో సంబంధం లేదు. ఇప్పుడు స్క్రీన్ వెలుతురు తగ్గించండి, పెంచండి. దాంతోపాటు కదిలే గీతలుంటే అవి టాబ్లెట్‌వి. ఛార్జర్ పీకగానే మాయమయ్యేవి ఛార్జర్‌వి. మీటరు పొడవు షీల్డున్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వేసి, రెండు కొసలా నాయిస్‌ని అడ్డుకునే ఫెర్రైట్ రింగులు బిగిస్తే చాలావరకు తగ్గుతాయి. షార్ట్‌వేవ్‌లో మాత్రం ఇదంతా చేసినా ఛార్జర్ రొద పూర్తిగా పోదు. అక్కడ బ్యాటరీ మీదే వినాలి, లేదా డాంగిల్‌ని దూరంగా పెట్టాలి.

కోయాక్స్:
అందుకే నేను వైఫై వైపు. 1090 దగ్గర పది మీటర్ల ఆర్‌జీ-58 ఏంటెన్నా కేబుల్ 5 డెసిబెల్స్‌కి పైగా మింగేస్తుంది. డాంగిల్, రాస్‌బెర్రీ పై రెండింటినీ ఏంటెన్నా కిందే పెడితే ఆ నష్టం ఉండదు.

తరంగిణి:
ఏంటెన్నా మేడ మీద ఉంటే మీ మాట నిజమే. వైఫై మోయాల్సిన బరువూ లెక్కేయండి మరి. సెకనుకు 24 లక్షల శాంపిల్స్ (సిగ్నల్ కొలతలు), ఒక్కోదానికి రెండు బైట్లు: మొత్తం సెకనుకు 38.4 మెగాబిట్లు, ఆగకుండా. వైఫై కాస్త తడబడినా శబ్దం ముక్కలవుతుంది. ఒక్క ఎఫ్ఎం స్టేషన్ వినడానికి రేటుని 2.5 లక్షలకి దించితే 4 మెగాబిట్లు చాలు.

వాటర్‌ఫాల్:
రాస్‌బెర్రీ పై దగ్గర తరచూ తగిలే చిక్కులు రెండు. లైనక్స్‌లోని టీవీ డ్రైవర్ డాంగిల్‌ని ముందే పట్టేసుకుంటుంది, అది లోడ్ కాకుండా బ్లాక్‌లిస్ట్‌లో పెట్టాలి. డాంగిల్ డేటాని నెట్‌వర్క్‌లో పంపే ఆర్‌టీఎల్_టీసీపీ ప్రోగ్రామ్ మొదట 127.0.0.1 మీదే, అంటే ఆ కంప్యూటర్ లోపలే వింటుంది, చిరునామా 0.0.0.0కి మార్చకపోతే టాబ్లెట్ కనెక్ట్ కాదు. పోర్టు 1234. దీనికి పాస్‌వర్డ్ లేదు కాబట్టి ఇంటి నెట్‌వర్క్ దాటనివ్వకండి.

ఇక నేరుగా గుచ్చేవాళ్లు ఆటో గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలో దానంతటదే నిర్ణయించుకునే సెట్టింగ్) ఆపేయండి. దగ్గర్లో ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ ఉంటే 8 బిట్ల చిప్ ఉక్కిరిబిక్కిరై, లేని చోట్ల కూడా స్టేషన్లు పుట్టిస్తుంది. గెయిన్ మెట్టు మెట్టుగా పెంచండి. సిగ్నల్‌తోపాటు అడుగు నాయిస్ కూడా అంతే లేస్తున్న చోట ఒక మెట్టు వెనక్కి రండి.