‘ఔట్ ఆఫ్ బ్రెత్’కి తెలుగేమిటి?

ప్రశ్న: నేను అనువదిస్తున్న ఇంగ్లిష్ కథలో ఒకతను మూడంతస్తులు మెట్లెక్కి ‘ఔట్ ఆఫ్ బ్రెత్’ అవుతాడు. ‘ఊపిరి అయిపోయింది’ అంటే చనిపోయినట్టుంది. తర్వాత ‘క్యాచ్ హిజ్ బ్రెత్’, ‘అండర్ హిజ్ బ్రెత్’ కూడా వస్తాయి. తెలిసినవారు చెప్పగలరా?

జవాబు: అక్కడ ‘రొప్పుతూ వచ్చాడు’ చాలండి. ‘వగరుస్తూ’ అన్నా సరే. ‘ఎగశ్వాస’ మాత్రం వాడకండి, అది ప్రాణం మీదికొచ్చినప్పటి మాట. ‘క్యాచ్ హిజ్ బ్రెత్’ దగ్గర ఇంకా జాగ్రత్త. క్యాచ్ అంటే పట్టుకోవడం కదా అని ‘ఊపిరి పట్టాడు’ అని రాస్తే అర్థం తలకిందులవుతుంది. మనకు ఊపిరి పట్టడమంటే బిగబట్టడం. రొప్పు తగ్గేదాకా ఆగాడని చెప్పాలంటే ‘ఊపిరి తీసుకున్నాడు’, ‘కాస్త అలుపు తీర్చుకున్నాడు’ అనాలి. తెలంగాణ పాత్రయితే ‘జర దమ్ము తీస్కో’ అంటుంది. పారసీలో ‘దమ్’ అంటే ఊపిరే. ‘దమ్ముంటే రా’ అన్నప్పుడు అదే మాట ధైర్యం అయింది.

ఇంకో జవాబు: నా దృష్టిలో అసలు చిక్కు, ఇంగ్లిష్‌లో బ్రెత్ ఉన్న ప్రతిచోటా తెలుగులో ఊపిరి వెతకడం. ‘అండర్ హిజ్ బ్రెత్’ అంటే నోట్లో గొణుక్కోవడం. ‘సేవ్ యువర్ బ్రెత్’కి మనవాళ్ళు గొంతు వైపు వెళ్ళారు: ‘ఎందుకండీ కంఠశోష?’ ‘డోంట్ బ్రీద్ ఎ వర్డ్’ అంటే ‘మూడో కంటివాడికి తెలియనివ్వకు’. ‘టుక్ మై బ్రెత్ అవే’ అందం గురించైతే కళ్ళు చెదిరాయి అనొచ్చు. ‘ఇన్ ది సేమ్ బ్రెత్’ని చాలామంది ‘ఒకే గుక్కలో’ అని రాస్తున్నారు. అది పొరపాటు. గుక్క తిప్పుకోకుండా మాట్లాడటమంటే ఆపకుండా మాట్లాడటం. ఇంగ్లిష్‌లో ఆ మాట ఎక్కువగా పొసగని రెండు మాటలు ఒకేసారి అన్నవాడికి వాడతారు. ‘ఔనన్న నోటితోనే కాదన్నాడు’ అంటే ఆ సూటిదనం వస్తుంది.

అడిగినవారు: మరి ‘డోంట్ హోల్డ్ యువర్ బ్రెత్’, ‘బెయిటెడ్ బ్రెత్’?

జవాబు: మొదటిదాంట్లో ‘ఊపిరి’ అన్న మాటే వదిలేయండి: ‘అది జరిగే పని కాదు, ఆశ పెట్టుకోకు.’ రెండోది మాత్రం నేరుగా కుదురుతుంది: ‘ఊపిరి బిగబట్టి ఎదురుచూశారు.’ ఈ మాట షేక్‌స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ మొదటి అంకం మూడో రంగంలో వడ్డీవ్యాపారి షైలాక్ నోట వస్తుంది. అక్కడది ఉత్కంఠ కాదు. నా మీద ఉమ్మి అవమానించినవాడికి గొంతు తగ్గించి, దాసుడిలా వంగి అప్పివ్వాలా అని అడుగుతాడు. ఆ ‘బెయిటెడ్’ తగ్గించడమనే అర్థమున్న ‘అబేట్’ నుంచి వచ్చింది. ఎర అనే అర్థమున్న ‘బెయిట్’ కూడా అలాగే పలుకుతుంది కాబట్టి ఇంగ్లిష్‌వాళ్ళే స్పెల్లింగ్‌లో ఒక ‘ఐ’ చేర్చి తప్పు రాస్తుంటారు.

మరో జవాబు: ‘షార్ట్ ఆఫ్ బ్రెత్’ని వీటితో కలపకండి. ‘ఔట్ ఆఫ్ బ్రెత్’ సాధారణంగా పరుగు, మెట్లు లాంటి శ్రమ వల్ల వచ్చేది, కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. ‘షార్ట్ ఆఫ్ బ్రెత్’ శ్రమ లేకపోయినా రావచ్చు, డాక్టర్లు ఎక్కువగా వాడే మాట అదే. తెలుగులో రెంటికీ ‘ఆయాసం’ అనేస్తాం. అందుకే ఆసుపత్రిలో ఎవరికైనా ఇంగ్లిష్‌లోకి చెప్పిపెట్టేటప్పుడు ఆయాసం నడిస్తే వస్తోందా, పడుకుంటే వస్తోందా, ఊరికే కూర్చున్నా వస్తోందా అని ముందు అడిగి, ఆ వివరం కూడా డాక్టరుకు చెప్పండి.