ఏటా కొత్త గేమ్, కొత్త ఫోన్: లోపల నిజంగా కొత్తది ఏముంది?

వాసు_పర్లాకిమిడి
మా తమ్ముడు బరంపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఇంట్లో పీఎస్5 (ప్లేస్టేషన్ 5 గేమ్ కన్సోల్) ఉంది. సెప్టెంబర్ వస్తే చాలు, కొత్త ఫుట్‌బాల్ గేమ్ కావాలని గొడవ. ఈసారి ఫోన్ కూడా మార్చాలంటున్నాడు, ఉన్నది బాగానే పనిచేస్తోంది. గేమ్‌లో ఏటా మార్పు ఉంటుందా, లేక జెర్సీలు, ఆటగాళ్ల పేర్లేనా? ఫోన్ ఒక ఏడాది ఆపితే మనకేం పోతుంది? వాడినవాళ్లు చెప్పండి.

శీను_సిరోంచ
జెర్సీలే అన్నా. నింటెండో స్విచ్ కన్సోల్‌లో ఈఏ కంపెనీ ఫుట్‌బాల్ గేమ్ ఫిఫా 20 నుంచి 23 దాకా వచ్చినవాటికి 'లెగసీ ఎడిషన్' అని కంపెనీయే పేరు పెట్టింది. టీములు కొత్తవి, ఆట పాతది. నా బాధ మాత్రం డౌన్‌లోడ్. మా దగ్గర వాన పడితే నెట్ ఉండదు. డిస్క్ కొంటే ఆ బాధ తప్పుతుందనుకుంటాం కదా, 2022లో కాల్ ఆఫ్ డ్యూటీ మోడర్న్ వార్‌ఫేర్ 2 పీఎస్5 డిస్కులో ఉన్నది 70 ఎంబీ చిల్లర. మిగతాదంతా దించుకోవాల్సిందే. నెట్ సరిగా లేని ఊళ్లవాళ్లు వీళ్ల లెక్కలో లేనే లేరు.

రాజా_ధర్మాబాద్
క్రికెట్ 07 ఉండగా ఇవన్నీ ఎందుకు? 2006 చివర్లో వచ్చిన గేమ్. ఆ తర్వాత ఈఏ క్రికెట్ చేయడమే మానేసింది. అయినా మన కుర్రాళ్లు ఐపీఎల్ టీములు, కొత్త జెర్సీలు, స్టేడియాలు పెట్టి ప్యాచ్‌లు చేస్తూనే ఉన్నారు, అదీ ఉచితంగా. పాత కంప్యూటర్‌లో నడుస్తుంది, నెట్ అక్కర్లేదు. కుర్రాళ్లు ఇంట్లో కూర్చుని చేసే పనికి కంపెనీ ఏటా వేలకు వేలు తీసుకోవడం అన్యాయం.

పవన్_బల్లార్షా
బంతి ఎక్కడ పడుతుందో పిచ్ మీద ముందే గుర్తు చూపించే గేమ్‌లో బ్యాటింగ్ ఏముంటుంది? 2014లో డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14 వచ్చి ఆ గుర్తు తీసేసింది. కంట్రోలర్ మీది రెండు స్టిక్‌లతో బౌలింగ్, ఫుట్‌వర్క్ వేరు, షాట్ వేరు, ఒక్క ఆటగాడిగా కెరీర్ మొత్తం ఆడొచ్చు. కొత్తదనం అంటే అది. ప్యాచ్ వేసుకుని ఆడేవాళ్లకు అర్థం కాదు.

రాజా_ధర్మాబాద్
అర్థం కాకపోవడమేంటి? మా ఇంట్లో ఒకే కీబోర్డు మీద ఇద్దరం ఆడేవాళ్లం. నువ్వు చెప్పేదానికి కంట్రోలర్ కొనాలి. ఎంతమంది కొంటారు ఇక్కడ?

పవన్_బల్లార్షా
'నువ్వు' అనకండి, మీరెవరో నాకు తెలియదు. నేను నాగ్‌పూర్‌లో టోర్నమెంట్లు ఆడినవాణ్ని, ఊరికే మాట్లాడటం లేదు. కొనగలమా లేదా అన్నది వేరే విషయం, కొత్తదా కాదా అన్నది వేరే విషయం.

రాజా_ధర్మాబాద్
టోర్నమెంట్ ఆడితే ఇక మాకు మాట్లాడే హక్కు లేదా? మీకు మర్యాద కావాలంటే మీరూ ఇవ్వండి. 'ప్యాచ్ వేసుకునేవాళ్లకు అర్థం కాదు' అన్నది మీరే.

కేశవ్_మొబైల్ రిపేర్_బరంపురం
క్రికెట్ ఆపండి బాబూ, అడిగింది ఫోన్ గురించి. రోజూ ఫోన్లు విప్పేది నేను, నన్ను అడగండి. శాంసంగ్ ఎస్20 అల్ట్రా 2020లో వచ్చింది, బ్యాటరీ 5000 ఎంఏహెచ్. ఎస్25 అల్ట్రా 2025లో వచ్చింది, అదే 5000. ఐఫోన్ 14లో పెట్టింది 13లోని ఏ15 చిప్పే. 15కి టైప్-సీ చార్జింగ్ పోర్టు ఇచ్చి గొప్పగా చెప్పుకున్నారు. ఫోన్లన్నిటికీ అదే పోర్టు ఉండాలని యూరప్‌లో చట్టం వచ్చింది, 2024 డిసెంబర్ గడువు పెట్టారు, అందుకే ఇచ్చారు.
ఈ మధ్య నేను ఒప్పుకునే మార్పు ఒక్కటే, సిలికాన్-కార్బన్ బ్యాటరీ. లోపల చార్జి నిలిచే భాగంలో (ఆనోడ్) గ్రాఫైట్‌కి సిలికాన్ కలుపుతారు, అంతే చోటులో ఎక్కువ చార్జి నిలుస్తుంది. వన్‌ప్లస్ 13కి 6000 వచ్చింది అలాగే. కరెంటు పోయే ఊళ్లలో కెమెరా కంటే ఇది ముఖ్యం.

శీను_సిరోంచ
కేశవ్ అన్నా, అప్‌డేట్ చేస్తే స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత ఎందుకొస్తుంది? మా చెల్లి ఫోన్‌కి రాత్రి అప్‌డేట్, పొద్దున గీత. కంపెనీ పేరు చెప్పను. మంచిర్యాల దాకా తీసుకెళ్తే వారంటీ దాటిందన్నారు. అప్‌డేట్ పంపింది వాళ్లే కదా!

కేశవ్_మొబైల్ రిపేర్_బరంపురం
అమోలెడ్ రకం స్క్రీన్‌కి వచ్చే జబ్బు అది. డిస్‌ప్లే మార్చడమే. బిల్లు, పాత మెసేజీలు దాచి మళ్లీ గట్టిగా అడుగు, కొన్ని కంపెనీలు ఈ గీతకి ఉచితంగా మార్చాయి.

సుజాత_టీచర్_రాయగడ
మీ చర్చలో భాష మాటే లేదు. నాకు ఫోన్‌లో అన్నిటికంటే కొత్తగా అనిపించింది తెలుగులో మాట్లాడితే టైప్ అవడం. 2017 ఆగస్టులో గూగుల్ ఇచ్చింది, పాత ఫోన్‌కే, అప్‌డేట్‌గా. తెలుగు వచ్చింది కానీ ఆ విడతలో ఒడియా లేదు. మా బడిలో పిల్లలకు రెండూ కావాలి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో కూడా ఒడియా 2020లో గానీ చేరలేదు.
ఇంకో మాట. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయ్యాయి. అప్పటికి ఐఫోన్ ఎక్స్ వచ్చి కొన్ని నెలలే, ముఖం చూసి తెరుచుకునే ఫోన్. మన అక్షరం మాత్రం దాన్ని ఆపేసింది. 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. ముఖం గుర్తుపట్టడానికి పెట్టిన శ్రద్ధలో కొంచెం మన లిపి పరీక్షకు పెట్టి ఉంటే ఆ పరిస్థితి వచ్చేది కాదు.

వాసు_పర్లాకిమిడి
అందరికీ థాంక్స్. టీచర్ గారూ, ఆ అక్షరం సంగతి నాకు తెలియదు. కానీ ఫుట్‌బాల్ గేమ్ కొనాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.

పవన్_బల్లార్షా
వాసు గారూ, కన్సోల్ మారినప్పుడు మార్పు ఉంటుంది. ఫిఫా 22లో 22 మందికి మోషన్ సూట్లు (కదలికలు పట్టే దుస్తులు) తొడిగి మ్యాచ్ ఆడించి రికార్డు చేశారు, పీఎస్5లో పరుగు తీరే మారింది. పీసీ వాళ్లకు మాత్రం అది ఇవ్వలేదు. మామూలు ఏడాదుల్లో అంత ఉండదు. ఏటా తెస్తే ఏమవుతుందో అస్సాసిన్స్ క్రీడ్ అనే గేమ్ సిరీస్‌ని చూడండి. 2014లో యూనిటీ బగ్గులతో వచ్చింది, 2016లో పెద్ద గేమ్ తేకుండా ఆగారు, 2017లో ఆరిజిన్స్ వచ్చి ఫైటింగ్ పద్ధతే మార్చింది. ఆగినందుకే వచ్చింది ఆ మార్పు. మరి ఫుట్‌బాల్ ఎందుకు ఆపరు? అల్టిమేట్ టీమ్ అనే మోడ్‌లో ఆటగాళ్ల కార్డులు అమ్మితే వచ్చే డబ్బు కోసం. మీ తమ్ముడు ఆ మోడ్ ఆడుతుంటే ముందు అది ఆపించండి.

రాజా_ధర్మాబాద్
ఇది మాత్రం సరిగ్గా చెప్పారు. కార్డులకు డబ్బు పెట్టడం మా మేనల్లుడి దగ్గర చూశాను. గేమ్ మారగానే పాత కార్డులన్నీ పోయాయి.

శీను_సిరోంచ
వాసు అన్నా, పీఎస్ ప్లస్ (ప్లేస్టేషన్‌కి డబ్బు కట్టి తీసుకునే సభ్యత్వం) ఉందా? ఫిఫా 22ని 2022 మేలో, అదే గేమ్ పేరు మారి వచ్చిన ఎఫ్‌సీ 24ని 2024 మేలో సభ్యులకు ఇచ్చేశారు. ప్రతిసారీ ఇస్తారని కాదు, ధర అయినా ఈలోపు తగ్గుతుంది.

కేశవ్_మొబైల్ రిపేర్_బరంపురం
ఫోన్‌కి ఇంకా ఎన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్ ఉందో చూడండి. గూగుల్ పిక్సెల్ 8, శాంసంగ్ ఎస్24 నుంచి 7 ఏళ్లు ఇస్తున్నారు, పాతవాటికి తక్కువ. అప్‌డేట్ ఉంటే బ్యాటరీ ఒక్కటి మార్పించి వాడుకోమనండి. తమ్ముణ్ని నా షాపుకి పంపండి, ముందు బ్యాటరీ హెల్త్ చూసి చెప్తాను.

వాసు_పర్లాకిమిడి
పంపిస్తాను. ఎఫ్‌సీ పాత డిస్కులు మార్చుకునేవాళ్లు పాతపట్నం వైపు ఎవరైనా ఉన్నారా?

రాజా_ధర్మాబాద్
డిస్కుల సంగతి తెలియదు కానీ, ఈ ఏడాది ఐపీఎల్ ప్యాచ్ ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి. పోయినసారిదాంట్లో హైదరాబాద్ టీమ్ జెర్సీ తప్పుగా ఉంది.