‘పాసింగ్’ నవల చదివాక ఒక అనుమానం: యాస దాచుకోవడం కూడా అలాంటిదేనా?

రాజాం_పిల్ల

మాది రాజాం పక్కన పల్లె. 2022లో జిల్లాలు మార్చినప్పుడు శ్రీకాకుళంలోంచి తీసి విజయనగరంలో కలిపారు. మీదే జిల్లా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాను. ఆరేళ్ళుగా హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని.

చేరిన కొత్తలో ఒక పేషెంటుని “ఏటండీ, టిఫిను తినీసినారా?” అని అడిగాను. నర్సింగ్ స్టేషన్లో ఉన్న వాళ్ళంతా పగలబడి నవ్వారు. నెల రోజులు నా పేరు ‘తినీసినారా’నే. ఆ తర్వాత ఆ మాట మళ్ళీ నా నోట రాలేదు. ఇప్పుడు టీవీలో వార్తలు చదివే వాళ్ళలా మాట్లాడతాను. అమ్మ ఫోన్ చేస్తే మాత్రం మెట్ల మలుపు దాకా వెళ్ళి గోడకి తిరిగి మాట్లాడతాను.

పోయిన నెల మోకాలి ఆపరేషన్‌కి ఒక ముసలమ్మ చేరింది. నేను సెలైన్ సీసా మారుస్తుంటే నా మొహంలోకే చూసి, “నువ్వు మాయేపు గుంటవేటమ్మా?” అంది. “కాదండీ, మాది ఇక్కడే” అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. ఆ సమయానికి అక్కడ నవ్వే వాళ్ళు కూడా ఎవరూ లేరు.

ఆ వారమే నెల్లా లార్సెన్ ‘పాసింగ్’ చదివాను. 1929 నాటి నవల. ఆవిడ కూడా నర్సే అని తెలిసి తీసుకున్నాను, అంతకంటే పెద్ద కారణం లేదు. చూడ్డానికి తెల్లగా ఉండే నల్లజాతి మనుషులు తెల్లవాళ్ళుగా చలామణీ కావడం అందులో కథ. షికాగోలో ఎండకి కళ్ళు తిరిగి ఐరీన్ అనే ఆవిడ ఒక పెద్ద హోటల్ మేడ మీద టీకి కూర్చుంటుంది. నల్లవాళ్ళని రానివ్వని చోటు అది. పక్క బల్ల దగ్గర ఒకామె అదే పనిగా తనని చూస్తుంటుంది. కనిపెట్టేసిందా అని ఐరీన్‌కి లోపల దడ. తీరా చూస్తే ఆ చూసేది క్లేర్, చిన్నప్పటి స్నేహితురాలు. ఆమెదీ అదే జాతి, అదే దొంగతనం.

అక్కడ పుస్తకం మూసేశాను. ఆ ముసలమ్మ చూపే గుర్తొచ్చింది.

నా ప్రశ్న ఇదీ: నాకు నేను క్లేర్‌లా అనిపించడం సబబేనా? లేక ఊరికే నా మీద నేను జాలిపడుతున్నానా?

సిక్కోలు_మేష్టారు

అమ్మా, చాలా ఏళ్ళు డిగ్రీ కుర్రాళ్ళకి ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ణి, కొంచెం ఓపిక పట్టు. నువ్వు క్లేర్‌వి కావు, ఐరీన్‌వి. క్లేర్ గడప దాటేసింది. తెల్లవాణ్ణి పెళ్ళాడింది, కడుపుతో ఉన్నన్నాళ్ళూ బిడ్డ నల్లగా పుడుతుందేమోనని ఠారెత్తిపోయింది. ఐరీన్ అలా కాదు. అవసరానికి ఆ మేడెక్కి టీ తాగి, దిగి తన ఇంటికి వెళ్ళిపోతుంది. పైగా క్లేర్‌ని తప్పు పడుతుంది! ఈ నవల అసలు దొంగ క్లేర్ కాదు, ఐరీన్ అని నా గట్టి నమ్మకం. తరగతిలో ఈ మాటంటే ఆడపిల్లలు నాతో దెబ్బలాడేవారు.

ఇంకో సంగతి. ఆ మేడ మీదే ఐరీన్ అనుకుంటుంది: గోళ్ళు చూసీ, అరచేతులు చూసీ, చెవులూ పళ్ళూ చూసీ జాతి పోల్చేస్తామంటారు తెల్లవాళ్ళు, ఎంత తెలివితక్కువో అని. నిజంగానే చూస్తే తెలిసేది కాదు. అమెరికాలోని లూసియానాలో హోమర్ ప్లెసీ అనే ఆయన పూర్వీకుల్లో ఎనిమిదింట ఏడొంతులు తెల్లవాళ్ళే. 1892లో తెల్లవాళ్ళ రైలుపెట్టెలో కూర్చుని, తను నల్లజాతి వాడినని కండక్టరుకి తనే చెప్పి మరీ అరెస్టయ్యాడు, తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ వేరువేరు పెట్టెలన్న చట్టాన్ని కోర్టుకి ఈడ్చాలని. 1896లో అక్కడి సుప్రీంకోర్టు వేరు పెట్టెలు న్యాయమేనంది. మనిషిని చూస్తే తెలియని తేడా కోసం రైలుకి రెండు పెట్టెలు తగిలించారన్నమాట.

వంశధార_ఒడ్డు

మేష్టారు మర్యాదగా చెప్పారు, నేను కాస్త మోటుగా చెప్తాను. యాసా జాతీ ఒకటి కాదు చెల్లెమ్మా. నీ గుట్టు బయటపడితే నవ్వుతారు. నాది బయటపడితే ఇల్లు ఖాళీ చెయ్యమంటారు.

మాది నరసన్నపేట వైపు. మేం మాలలం. కోచింగ్ రోజుల్లో విజయనగరంలో గది కోసం తిరిగేవాణ్ణి. ‘టు లెట్’ బోర్డు చూసి తలుపు కొడితే మొదట ఇంటిపేరు అడిగేవారు. ఇంటిపేరుతో తేలకపోతే “మీరేట్లు బాబూ?” అనేవారు. మూడుచోట్ల నిజం చెప్పాను, మూడుచోట్లా గది అప్పుడే ఎవరికో ఇచ్చేశామన్నారు, బోర్డు మాత్రం వేలాడుతూనే ఉంది. నాలుగోచోట నోటికొచ్చిన కులం చెప్పాను. తాళం చేతిలో పెట్టారు.

ఎనిమిది నెలలున్నాను. మంచివాళ్ళే, అదే కష్టం. పండక్కి పులిహోర పంపేవారు. గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఆవిడ అరుగు మీద కూర్చోబెట్టి, పక్క వీధిలో ‘వాళ్ళు’ దిగారనీ, వీధి పాడైపోయిందనీ చెప్పేది. నేను తలూపేవాణ్ణి. ఆ నవల్లో క్లేర్ మొగుడు ముగ్గురు ఆడవాళ్ళ ముందు కూర్చుని నల్లవాళ్ళని నానా మాటలూ అంటాడే, ఆ ముగ్గురిదీ అదే జాతని తెలీక! ఐరీన్ ఆగకుండా నవ్వుతుందే! ఆ నవ్వెలా వస్తుందో నాకు తెలుసు.

అయినా అన్నిటికంటే మా అమ్మ. గిన్నెలు తోముతున్నా సరే ఆమె నోట్లో ఏదో ఒక ప్రార్థన పాట ఆడుతూనే ఉంటుంది. వస్తానని ఎన్నిసార్లందో. ఎనిమిది నెలలూ ఏదో ఒక వంక చెప్పి రానివ్వలేదు. కాంప్లెక్సుకి వస్తే బస్టాండులోనే కూర్చోబెట్టి, తెచ్చిన చేపల కూర అక్కడే తిని, తిరుగు బస్సెక్కించేవాణ్ణి. చేయి కడుక్కున్నాక కూడా వాసన వస్తోందేమోనని చూసుకునేవాణ్ణి.

నువ్వు మెట్ల దగ్గరికెళ్ళయినా మీ అమ్మతో మాట్లాడుతున్నావు కదా.

మూడు_లాంతర్లు

అందరూ సీరియస్ అయిపోయారు. యాస కూడా అంత చిన్న సంగతేం కాదు అన్నయ్యా, సినిమాల్లో ఇన్నేళ్ళూ మన మాట వంటవాడికీ పనిమనిషికీ తప్ప ఇచ్చారా? చదవడానికి మాత్రం సహవాసి గారి ‘ఏడు తరాలు’ చెప్తాను, అలెక్స్ హేలీ ‘రూట్స్’కి తెలుగు. అందులో కుంటా కింటేకి యజమాని టోబీ అని పేరు పెడితే లోపల్లోపల చివరిదాకా ఒప్పుకోడు. పేరు పోవడమంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది. ఇంకా అవసరమైతే మన ఊరాయన గురజాడ ఉండనే ఉన్నాడు: “మంచియన్నది మాలయైతే మాల నేనగుదున్”. ఇంతకు మించి ఏం కావాలి?

వంశధార_ఒడ్డు

తమ్ముడూ, ఆ పద్యం నాకూ ఇష్టమే, ఆ కాలానికి చాలా పెద్ద మాట. కానీ ‘అగుదున్’ అనేవాడు అవకుండా కూడా ఉండగలడు. నాకా వెసులుబాటు లేదు. గురజాడ వారి మీద నాకు తగవేం లేదు, ఇక్కడ ఆ పద్యం వేసి చర్చ ముగించేస్తారేమోనని చెప్తున్నా.

సిక్కోలు_మేష్టారు

ఇన్నేళ్ళు ఆ పద్యం చదివాను గానీ ‘అగుదున్’ దగ్గర నేనెప్పుడూ ఆగలేదు.

రాజాం_పిల్ల

అందరికీ థాంక్స్. వంశధార అన్నయ్యా, మీది చదివాక నా ప్రశ్న తీసేద్దామనుకున్నాను. మీ జవాబు కూడా పోతుందని ఉంచేశాను. క్లేర్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మేష్టారూ, ఐరీన్ అంటే మాత్రం ఇంకా కోపంగానే ఉంది, కానీ మీరన్నది నిజమే అనుకుంటా.

ఆ ముసలమ్మ సంగతి సగమే చెప్పాను. రెండ్రోజులు నాకు వీక్లీ ఆఫూ, నైటాఫూ కలిసొచ్చాయి. తిరిగి వెళ్ళేసరికి మంచం ఖాళీ, కొత్త దుప్పటి పరిచి ఉంది. డిశ్చార్జి రిజిస్టర్లో ఊరు చూశాను: సంతకవిటి. మా ఊరికి బస్సులో ఎంతోసేపు పట్టదు. వార్డులో పనిచేసే ఆయాని అడిగితే నవ్వింది. “ఆ గుంట మాయేపుదే, సెప్పడానికి సిగ్గుపడతంది, మీరు అడక్కండి” అని ఆ ముసలమ్మ వెళ్తూ వెళ్తూ చెప్పిందట.

మేష్టారు చెప్పిన గోళ్ళూ చెవులూ కాదు. సీసా అయిపోవచ్చిందని ఆవిడ పిలిస్తే, వేరే మంచం దగ్గర్నించి నేను “బేగొచ్చేస్తా” అన్నానట.