మౌంట్ రష్‌మోర్ దారిలో రెప్టైల్ గార్డెన్స్: అమ్మకి పాములంటే భయం, వెళ్లొచ్చా?

గోదారి కుర్రోడు
అందరికీ నమస్తే. జూన్‌లో అమ్మానాన్నల్ని తీసుకుని మిన్నియాపోలిస్ నుంచి కార్లో సౌత్ డకోటా వెళ్తున్నాం, బ్యాడ్‌లాండ్స్ నేషనల్ పార్క్, కొండకి ప్రెసిడెంట్ల మొహాలు చెక్కిన మౌంట్ రష్‌మోర్, కుదిరితే కస్టర్ పార్క్. ర్యాపిడ్ సిటీ దాటాక హైవే 16 మీద రెప్టైల్ గార్డెన్స్ అని పాములు, మొసళ్ల జూ ఉందట, ఏదో ఫ్యామిలీ వాళ్లదట. మావాడు యూట్యూబ్‌లో అక్కడి మొసలిని చూసిన దగ్గర్నుంచి నా ప్రాణం తీస్తున్నాడు. అమ్మేమో నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తుంది గానీ టీవీలో పాము కనపడితే ఛానెల్ మార్చేస్తుంది. ఇంతకీ అది చూడదగ్గదేనా లేక రోడ్డు పక్కన బోర్డులు పెట్టి జనాన్ని లాగే టైపా? ఎంత టైం పడుతుంది?

డెన్వర్ సుధ
బోర్డులు పెట్టి లాగే టైపే అండి, అందులో డౌటేం లేదు, కానీ లోపల సరుకుంది. ఎర్ల్ బ్రాకెల్స్‌బీ అని ఒకాయన కుర్రతనంలో అక్కడే ఇంకో టూరిస్ట్ ప్లేస్‌లో గైడ్‌గా చేసేవాడట, టూర్ అయిపోగానే టోపీ తీసేవాడట, చూస్తే నెత్తిమీద చుట్టలు చుట్టుకుని ర్యాటిల్‌స్నేక్, అదే తోక గలగలలాడించే విషప్పాము! సగం మంది కెవ్వుమని అరిచినా ఎవ్వరూ అక్కణ్నుంచి కదిలేవాళ్లు కాదట, ఓహో జనానికి కావాల్సింది ఇదన్నమాట అని 1937లో సొంతంగా పాముల పార్క్ పెట్టేశాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది, ఇప్పటికీ ఆ ఫ్యామిలీదే. పాములు, బల్లులు, తాబేళ్లు, మొసళ్లు కలిపి ఇన్ని జాతులు ఒక్కచోట ఉండటం చాలా అరుదు, గిన్నిస్ వాళ్లు కూడా ప్రపంచంలోనే పెద్ద రెప్టైల్ జూ అని రాశారు.

మీ అమ్మగారిని తాబేళ్ల దగ్గర కూర్చోబెట్టండి. పెద్ద బండరాళ్లలా ఉంటాయి, పిల్లలు వీపు నిమరొచ్చు, అవేం పట్టించుకోవు. మెథూసెలా అని గాలపగోస్ తాబేలు ఒకటి 1954 నుంచి అక్కడే ఉండి 2011లో చనిపోయింది, దానికి దాదాపు 130 ఏళ్లుంటాయని అంటారు.

ఓరుగల్లు పోరడు
అన్నా పక్కా పోండ్రి. కానీ రష్‌మోర్ చూసి వాపస్ వచ్చేటప్పుడు ఓ గంట చూద్దాం అనుకుంటే మాత్రం పోకుండ్రి, టికెట్ పైసలు దండగ. అక్కడ అసలు మజా షోలల్ల ఉంది, మొసళ్ల షో వేరే, పాముల షో వేరే, పక్షుల షో వేరే, ఒకదాని తర్వాత ఒకటి పెడ్తరు. పొద్దుగాల గేటు తెరవంగనే పోయి టైమింగ్స్ చూస్కొని మిగిలినయి నడుమల చూడుండ్రి, సగం రోజు ఆరామ్‌గ గడుస్తది. ఇంకో ముచ్చట, ర్యాపిడ్ సిటీల మౌంటెన్ టైం, మీకంటే గంట వెనుక, గది యాదుంచుకోండ్రి.

మీవోడు చూసింది మేనియాక్ కావచ్చు, సాల్ట్‌వాటర్ మొసలి, 15 అడుగులు దాటి ఉంటది. మేం పోయినప్పుడు అస్సలు కదల్లే, మా చిన్నోడు బొమ్మ డాడీ అన్నడు, గంతల్నే కన్ను మీద తెల్లటి పొర పక్క నుంచి జర్రున జారి మళ్ల లోపల్కి పోయింది. ఇగ వాడు ఆడికెళ్లి రానే రాలే.

ఆ పెద్ద గుండ్రటి డోమ్‌ల మాత్రం అమ్మతోని జర పైలం, అండ్ల చెట్ల మీద కొన్ని పాములని ఊరికే ఇడ్సిపెడ్తరు.

గోదారి కుర్రోడు
ఊరికే వదిలేస్తారా?? బ్రో ఆ ముక్క అమ్మకి చెప్తే కారు కూడా దిగదు 😅

డెన్వర్ సుధ
విషం లేనివేనండి. విషమున్నవన్నీ అద్దాల వెనకే, రాచనాగుతో సహా. ముందే చెప్పేయండి, దాచి తీసుకెళ్లకండి పాపం. నాకైతే కొమ్మ మీద ఆకుపచ్చ పాము సరిగ్గా మొహం ఎత్తులో ఉంది, పక్కావిడ వేలు పెట్టి చూపించేదాకా అది ఆకులే అనుకున్నా. కొమోడో డ్రాగన్ దగ్గరికి మాత్రం తీసుకెళ్లండి, మన ఉడుము జాతే కదా, పల్లెటూరి పెద్దవాళ్లకి చూడగానే అర్థమైపోతుంది.

అడయార్ శేఖర్
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాకు ఈ షోల వ్యవహారం అంతగా నచ్చదు, మొసలి నోరు తెరిపించి చప్పట్లు కొట్టించుకోవడంలో నేర్చుకునేదేముంది? మా చెన్నై పక్కన 1976లో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ మొదలుపెట్టిన క్రొకొడైల్ బ్యాంక్ అనే మొసళ్ల పార్క్ ఉంది, ట్రస్ట్ నడుపుతుంది, అక్కడే పాములు పట్టే ఇరుల తెగవాళ్ల సొసైటీ పాముల నుంచి విషం తీస్తుంటే కళ్లారా చూడొచ్చు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర కాట్లకి మన దగ్గర వేసే ఇంజక్షన్ ఆ విషంతోనే తయారవుతుంది. మీ అమ్మగారు ఇండియా వెళ్లాక అది చూపించండి, భయం పోకపోయినా విషయం తెలుస్తుంది.

ఓరుగల్లు పోరడు
శేఖర్ అన్నా మీరన్నది నిజమే గని, మొసలికి నోరు మూసే బలమే గని తెరిచే బలం ఉండదని, మూతిని చేతుల్తోనే పట్టి ఆపొచ్చని నాకు తెల్సింది గా షోలనే. ఆరేండ్లోనికి గంతకంటే ఏం కావాలె.

గోదారి బ్రో, పార్క్‌ల పాముల సంగతి ఇడ్సిపెట్టు, విషమున్నయి అద్దాలల్లనే ఉంటయి. బ్యాడ్‌లాండ్స్‌ల ర్యాటిల్‌స్నేక్‌లు బయటనే తిరుగుతయి, అమ్మకి చెప్పులు కాకుండ బూట్లు తొడిగించు, గడ్డిలకి పోనియ్యకు. ఆగస్ట్ దాకా వాయిదా మాత్రం ఎయ్యకు, ఆ పక్కనే స్టర్జిస్ ఊర్ల జరిగే పెద్ద బైక్ ర్యాలీ అప్పుడు హోటల్ రూములు దొరకయి.

గోదారి కుర్రోడు
జూనే ఫిక్స్. డోమ్‌లోకి నేనూ మావాడే వెళ్తాం. థాంక్స్ అందరికీ.