పాత జీపు బ్రేక్ పైపులు ఇంట్లోనే మారుస్తున్నా, చేసినవాళ్లు చెప్పండి

బురదబండి:
నిన్న వెనక చక్రం లోపలివైపు తడి కనిపించింది. కింద దూరి చూస్తే యాక్సిల్ మీదుగా పోయే బ్రేక్ పైపుకి క్లిప్పు దగ్గర చెమ్మ. క్లిప్పు ఊడదీసి వేలితో రుద్దితే తుప్పు పెచ్చులుగా లేచింది, దాని వెనకే ఆయిల్ బొట్టు. పైపులన్నీ బండితో వచ్చినవే, ఇరవై ఏళ్లు దాటాయి. పాడైన చోట కోసి ముక్క వేస్తే చాలా, మొత్తం మార్చాలా? జాకీ, స్టాండ్లు, పానాలు ఉన్నాయి. పైపు చివర వెడల్పు చేసే ఫ్లేర్ మాత్రం ఎప్పుడూ కొట్టలేదు.

పానాపట్టు:
ముక్క జోలికి పోకండి. బురద నిలిచేది క్లిప్పుల కిందే, కాబట్టి ఒక క్లిప్పు కింద తింటే మిగతా వాటి కింద కూడా తింటున్నట్టే. నేను ఒక్క పైపు మార్చి మురిసిపోయా, మూడు నెలలు తిరక్కుండా పక్కది పోయింది. అదీ ఘాట్ దిగాక పోయింది, దిగుతుండగా కాదు. నీళ్ల పైపులకి వాడే కంప్రెషన్ జాయింట్లు ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు, బ్రేక్ ప్రెషర్‌కి అవి నిలవవు.

పైపు కాపర్-నికెల్ తీసుకోండి, 4.75 మి.మీ., అదే 3/16 అంగుళం. చేత్తోనే వంగుతుంది, తుప్పు బాధ లేదు. వట్టి రాగి వద్దు, అదురుకి గట్టిపడి పగులుతుంది.

తుప్పుమిత్ర:
అసలు యుద్ధం పాత నట్లతో. మామూలు ఓపెన్ పానా పెడితే మూలలు అరిగి గుండ్రంగా అయిపోతాయి. ఫ్లేర్ నట్ పానా కొనండి, చుట్టూ పట్టుకుని పైపు దూరడానికి ఒకచోట మాత్రం సందు ఉంటుంది. రెండు రోజుల ముందు నుంచీ తుప్పు వదిలించే ఆయిల్ కొడుతూ ఉండండి. అప్పటికీ మొండికేస్తే, పైపు ఎలాగూ పారేసేదే కదా, నట్టు ఆనుకుని కోసేసి ఆరు మూలల సాకెట్ ఎక్కించండి.

బురదబండి:
కోస్తే ఆయిలంతా కారిపోదా?

తుప్పుమిత్ర:
పెడల్ కాస్త నొక్కి, సీటుకీ దానికీ మధ్య కర్ర ఆనించండి. పెడల్ నొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ ముందుకి జరిగి, ఆయిల్ డబ్బా నుంచి వచ్చే రంధ్రం మూసుకుంటుంది, కారడం ఆగుతుంది. బ్రేక్ లైట్లు వెలిగే ఉంటాయి, బ్యాటరీ వైరు తీసేయండి. నేను మర్చిపోయి పొద్దున్నే ఇంకో బండి పెట్టి స్టార్ట్ చేసుకున్నా.

చేతిపని:
ఫ్లేర్ గురించి. ముందు నట్టు పైపులోకి ఎక్కించి, తర్వాత ఫ్లేర్ కొట్టాలి. నవ్వకండి, ఆరు అడుగుల పైపు అందంగా వంచుకుని, రెండో చివర కూడా ఫ్లేర్ కొట్టేశాక నట్టు బల్ల మీద కనిపించింది నాకు.

హ్యాక్‌సా కాకుండా పైపు కట్టర్‌తో కోయండి. లోపలి అంచు, బయటి అంచు ఆకురాయితో నున్నగా చేయండి, రజను ఊది పారేయండి. పాత ఫ్లేర్ ఎలా ఉందో చూసి అలాంటిదే కొట్టాలి: కొన్ని బళ్లకి లోపలికి మడిచిన డబుల్ ఫ్లేర్, కొన్నిటికి బుడగలా ఉండే బబుల్ ఫ్లేర్. ఒకదాని చోట ఇంకోటి కూర్చోదు. మొదట తుక్కు ముక్కల మీద పది కొట్టండి. నావి మొదటి నాలుగూ ఒక పక్కకి వాలిపోయాయి.

నట్ల త్రెడ్ కూడా చూసుకోండి. 3/8 అంగుళం నట్టు 10 మి.మీ. రంధ్రంలోకి వదులుగా ఎక్కేస్తుంది, బిగించబోతే త్రెడ్ నలిగిపోతుంది. జాయింట్‌కి టెఫ్లాన్ టేపు చుట్టొద్దు, ఆపేది ఫ్లేరే, త్రెడ్ కాదు.

బురదబండి:
వారం తర్వాత అప్‌డేట్. పైపులన్నీ ఎక్కాయి. పాత పైపులు విరగకుండా తీసి, వాటి పక్కన పెట్టుకుని వంచా. పైపుల్లో చేరిన గాలి తీయడం దగ్గరే చచ్చిపోతున్నా. తమ్ముడు పెడల్ మీద, నేను కింద: "నొక్కు, పట్టుకో, వదులు". లీటరు డాట్ 4 బ్రేక్ ఆయిల్ అయిపోయింది, ముందు చక్రాలు బాగున్నాయి, వెనక మాత్రం గాలి పోలేదు, పెడల్ స్పాంజిలా దిగిపోతోంది.

పానాపట్టు:
వెనక యాక్సిల్ వేలాడుతోందా? చాసిస్ కింద స్టాండ్లు పెట్టి ఉంటారు. యాక్సిల్‌కి కడ్డీతో కలిపిన లోడ్ సెన్సింగ్ వాల్వ్ మీ బండికి ఉంటే, యాక్సిల్ కిందికి జారినప్పుడు బరువు లేదనుకుని వెనక్కి ప్రెషర్ తగ్గించేస్తుంది. స్టాండ్లు యాక్సిల్ కిందకి మార్చి మళ్లీ గాలి తీయండి.

ఇంకోటి, పెడల్‌ని నేలకి ఆనేదాకా తొక్కనివ్వకండి. పాత మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ ఎప్పుడూ వెళ్లని చోట తుప్పు ఉంటుంది, సీళ్లు అక్కడ కోసుకుపోతాయి. పెడల్ కింద చెక్క ముక్క పెట్టండి.

బురదబండి:
అన్నా, అదే! స్టాండ్లు మార్చగానే వాల్వ్ దాటి బుడగలు గొట్టంలోకి గుడగుడా వచ్చాయి. పెడల్ రాయిలా అయింది. ఇంజిన్ ఆన్ చేసి నిమిషం పాటు గట్టిగా తొక్కించా, ప్రతి జాయింట్‌కీ టిష్యూ కాగితం చుట్టి చూశా. ఒక్కచోట తడిసింది, ఇంకొంచెం బిగిస్తే ఆగింది. ఫెండర్ మీద పడిన ఆయిల్ వెంటనే కడగలేదు, అరచేయంత పెయింట్ లేచిపోయింది.

ఒక్క సందేహం. మెల్లగా తిప్పి తెచ్చాక ముందు ఎడమ చక్రం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది.

చేతిపని:
ఇనుప పైపులే మార్చారా? రబ్బరు హోసులు?

బురదబండి:
హోసులు పాతవే. పైకి పగుళ్లు లేవని వదిలేశా.

చేతిపని:
పైకి కనపడదు. బ్రేక్ వేసి వదిలాక ఆ చక్రం దగ్గర గాలి తీసే నిపుల్ వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం తేలిగ్గా తిరిగితే, లోపల ప్రెషర్ నిలిచిపోయినట్టు. తర్వాత నిపుల్ బిగించి, మళ్లీ బ్రేక్ వేసి వదిలి, హోసు అవతలి చివర, పైపు జాయింట్ దగ్గర వదులు చేసి చూడండి. అక్కడ వదులు చేసినా చక్రం వదలకపోతే హోసే.

బురదబండి:
హోసే. విప్పి బ్లేడుతో నిలువునా చీల్చా. లోపలి రబ్బరు వాచిపోయి, గుండుసూది దూరేంత దారి మిగిలింది. తొక్కితే పోతోంది, వదిలితే వెనక్కి రావట్లేదు. మిగతా రెండూ కూడా విప్పేస్తున్నా. తమ్ముడిని మళ్లీ పెడల్ మీద కూర్చోమంటే వాడు ఫోన్ ఎత్తట్లేదు.