ఫుల్సమ్ ప్రెయిజ్ అంటే పొగడ్తా, ఎత్తిపొడుపా?

పదాలపిచ్చి: నా అప్రైజల్‌లో మేనేజర్ ‘క్లయింట్ల నుంచి ఫుల్సమ్ ప్రెయిజ్ అందుకున్నాడు’ అని రాశారు. సంతోషించాలా? బ్రిటిష్, అమెరికన్ వాడుకలో తేడా ఉందా?

జీఆర్ఈ_బాధితుడు: వెగటు పుట్టేంత అతిగా పొగడటం అని ఫ్లాష్‌కార్డులో ఉంటుంది. అలాగే బట్టీ పట్టాను. తీరా పేపర్ తిరగేస్తే ఎవరో నాయకుడు ‘ఫుల్సమ్ అపాలజీ’ చెప్పాడట! అక్కడ అర్థం ‘మనస్ఫూర్తిగా’ అని. ఇలాంటి పదాల్ని పరీక్షల్లో పెట్టేవాళ్లను అనాలి.

ఎర్రపెన్ను: ప్రూఫులు దిద్దడమే నా వృత్తి, కాబట్టి వినండి. ‘ఫౌల్’ నుంచి పుట్టిన మాట అది. మంచి అర్థం అనేదే లేదు. పత్రికలవాళ్లు పాడుచేశారు.

నిఘంటువు_నేస్తం: ఫౌల్ కాదండీ, ‘ఫుల్’కి ‘సమ్’ చేరింది. మధ్యయుగపు ఇంగ్లీషులో మొదటి అర్థం సమృద్ధి. ఏవగింపు తర్వాత వచ్చి చేరింది. ఫౌల్ నీడ అప్పుడు పడి ఉండొచ్చు, పుట్టుక మాత్రం అది కాదు. మెరియం-వెబ్‌స్టర్ తెరవండి, రెండు అర్థాలూ ఉన్నాయి.

ఎర్రపెన్ను: నిఘంటువులో ఎక్కినంత మాత్రాన ఒప్పయిపోదు. జనం రాసే ప్రతి చెత్తనీ వాళ్లు ఎక్కిస్తారు.

నిఘంటువు_నేస్తం: మరి పాత అర్థమే అసలైనదన్న వాదన మీదే కదా? పాతది సమృద్ధే. ఇప్పుడు మాట మారుస్తారేం?

ఎర్రపెన్ను: మీకు ఓపికగా చెప్పడం నా తప్పు.

చదువరి: కొట్టుకోకండి బాబూ. నాకు ‘నాయిసమ్’తో పెద్ద తంటా. నాయిస్‌తో చుట్టరికమే లేదు, ‘అనాయ్’ వైపు బంధువు. కంపు కొట్టేది, హాని చేసేది అని అర్థం. ‘నాయిసమ్ క్లాస్‌రూమ్’ అని రాసిన టీచరుకి ఇది చెబితే నాతో మాట్లాడటమే మానేసింది.

పదాలపిచ్చి: నా అప్రైజల్ సంగతి?

జీఆర్ఈ_బాధితుడు: హైక్ ఎంత ఇచ్చారో చూసుకో బ్రో, అర్థం అదే తెలుస్తుంది.

నిఘంటువు_నేస్తం: పొగడాలనే రాసి ఉంటారు. కానీ పై వాళ్లలో పాతకాలపు పాఠకుడుంటే ‘అతి’ అనే అనుకుంటాడు. ‘హై ప్రెయిజ్’గా మార్చమనండి. నేనైతే ‘ప్రెయిజ్’ పక్కన ఆ మాట వాడను.

ఎర్రపెన్ను: చివరికి నా మాటకే వచ్చారు!

నిఘంటువు_నేస్తం: రాలేదు. సందిగ్ధం ఉన్నచోట వాడొద్దన్నాను, తప్పు అనలేదు.

చదువరి: ఇక ‘నాన్‌ప్లస్డ్’? దిక్కుతోచకపోవడం అసలు అర్థం. అమెరికాలో చాలామంది ‘చలించకపోవడం’ అనే అర్థంలో వాడేస్తున్నారు. లాటిన్‌లో ‘నాన్ ప్లుస్’ అంటే ‘ఇక లేదు’, ముందుకు దారి లేదని కదా!

ఎర్రపెన్ను: అది తప్పే. నిఘంటువు గారు దీన్నీ సమర్థిస్తారేమో అడగండి.