ఆపరేషన్ జరగని గర్భసంచి కూడా కాన్పులో చిట్లుతుందా?

స్టాఫ్ నర్సు, మెళియాపుట్టి వైపు:
పాత సిజేరియన్ ఉన్నవాళ్ళను మా పీహెచ్‌సీలో కాన్పుకు ఉంచుకోం, ముందే టెక్కలి పెద్దాసుపత్రికి పంపేస్తాం. నేను అడిగేది మూడో, నాలుగో కాన్పుకు వచ్చేవాళ్ళ గురించి. కడుపు మీద కోత లేదు, ముందువన్నీ మామూలు కాన్పులే. వీళ్ళలో గర్భసంచి దేనివల్ల చిట్లుతుంది? ఏ గుర్తు చూడగానే 108 పిలవాలి? కొండ ఊళ్ళవాళ్ళు మా దగ్గరికి చేరేసరికే నొప్పులు ముదిరి ఉంటాయి.

గైనిక్ డాక్టర్, శ్రీకాకుళం:
అరుదే గానీ జరుగుతుంది సిస్టర్. కోత లేదు కదా అని ఎవరికీ అనుమానం రాదు, అందుకే ఆలస్యమవుతుంది. పైగా ఇక్కడ చీలేది పాత కుట్టు కాదు, రక్తనాళాలు నిండుగా ఉన్న మంచి కండరం. రక్తం ఎక్కువ పోతుంది.

తొలి కాన్పులో దారి అడ్డుపడితే చాలాసార్లు గర్భసంచి అలిసిపోయి నొప్పులు తగ్గుతాయి. కాన్పులైనవాళ్ళలో అలా ఆగదు, అడ్డు ఉన్నకొద్దీ ఇంకా గట్టిగా బిగుస్తుంది. పైభాగం మందమై, కింది భాగం సాగిసాగి పల్చబడి అక్కడ చిరుగుతుంది. కాబట్టి నాలుగో కాన్పు నెమ్మదించిందంటే, చేయాల్సింది నొప్పులు పెంచడం కాదు, ఎందుకు ఆగిందో చూడడం. బిడ్డ అడ్డంగా ఉందా, నుదురు ముందుకొచ్చిందా, షుగర్ తల్లికి పెద్ద బిడ్డా, తలలో నీరా?

అన్నిటికంటే ముందు మారేది ఎక్కువగా బిడ్డ గుండె చప్పుడు. నొప్పి తగ్గిన వెంటనే నిండు నిమిషం వినండి, 110 కంటే తగ్గి కోలుకోకపోతే ఆగవద్దు. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా పొట్ట నొప్పి పోకపోవడం, మూత్రంలో రక్తం, బొడ్డు దగ్గర అడ్డంగా గాడి కూడా చూడండి. నిండిన మూత్రాశయం కూడా గాడిలాగే కనిపిస్తుంది, కాథెటర్‌తో (మూత్రం తీసే గొట్టం) ఖాళీ చేసి మళ్ళీ చూడండి. నొప్పులు ఠక్కున ఆగి, దిగిన తల పైకి పోయి, బిడ్డ అవయవాలు చర్మం కిందే తగిలితే అప్పటికే చిట్లినట్టు.

లేబర్ రూమ్ ఇన్‌ఛార్జి, విజయనగరం:
నొప్పులు పెంచే ఆక్సిటోసిన్ డ్రిప్ సంగతి నేను చెబుతాను, ఎక్కువ హాని అక్కడే. 5 యూనిట్ల ఆక్సిటోసిన్ 500 మి.లీ.లో కలిపితే మి.లీ.కు 10 మిల్లీయూనిట్లు. మి.లీ.కు 20 చుక్కల సెట్‌లో నిమిషానికి 10 చుక్కలంటే 5 మిల్లీయూనిట్లు. కాన్పులైనవాళ్ళకు 2.5 యూనిట్లే కలిపి 10 చుక్కలతో మొదలుపెట్టాలి, అరగంటకు 10 చుక్కల చొప్పున పెంచాలి. 10 నిమిషాల్లో 3 మంచి నొప్పులు వస్తే అక్కడితో చాలు. నొప్పులు 5 దాటితే డ్రిప్ ఆపేయండి. ఆమె పక్కకు తిరిగినా చుక్కల వేగం మారుతుంది, ప్రతిసారీ లెక్కపెట్టండి. ఆపరేషన్ సౌకర్యం లేనిచోట ఈ డ్రిప్ పెట్టకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

బిడ్డ పుట్టకముందు నొప్పుల సూది కండకు ఇవ్వనే కూడదు. ఒకసారి లోపలికి పోయాక ఆపే దారి లేదు. నొప్పులు రప్పించే 200 మైక్రోగ్రాముల మిసోప్రోస్టాల్ మాత్రను ముక్కలు చేసి పెట్టినా ఏ ముక్కలో ఎంత మందు ఉందో తెలియదు. పొట్ట మీద ఎక్కి నొక్కడం, ఎవరు అడిగినా సరే, వద్దు.

స్టాఫ్ నర్సు, మెళియాపుట్టి వైపు:
థాంక్స్ మేడమ్. బిడ్డ పుట్టేశాక తెలిసే సందర్భాలు ఉంటాయా? పంపేముందు మేం చేయగలిగేది ఏమిటి?

గైనిక్ డాక్టర్, శ్రీకాకుళం:
ఉంటాయి. గర్భసంచి రాయిలా గట్టిగా ఉన్నా రక్తం ఆగకపోతే చిరుగు ఉందేమోనని అనుమానించండి. బయటికి కొద్దిగానే పోతున్నా నాడి పెరుగుతూ గర్భసంచి ఒక పక్కకు నెట్టుకుపోయి ఉంటే, లోపల రక్తం గడ్డకడుతోందని అనుకోండి. బీపీ పైఅంకె కంటే నాడి ఎక్కువైతే చాలా పోయినట్టే.

డ్రిప్‌లో ఆక్సిటోసిన్ ఉంటే ఆపండి. రెండు చేతులకూ 16 లేదా 18 సైజు క్యాన్యులాలు (నరంలో పెట్టే సూది గొట్టాలు), రింగర్ లాక్టేట్ సెలైన్, కాథెటర్ పెట్టండి. బిడ్డ లోపలే ఉంటే ఎడమ పక్కకు పడుకోబెట్టండి, నోటికి ఏమీ ఇవ్వొద్దు, వాక్యూమ్‌తో బిడ్డను లాగే ప్రయత్నం చేయొద్దు. కాన్పయ్యాక రక్తస్రావమైతే దాన్ని తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్ 1 గ్రాము, 10 నిమిషాలపాటు నరంలోకి, 3 గంటల లోపే. బండి కదిలేలోపు పై ఆసుపత్రికి ఫోన్ చేసి బ్లడ్ గ్రూపు చెప్పి, థియేటర్, రక్తం సిద్ధం చేయమనండి. రక్తం, థియేటర్ రెండూ ఉన్నచోటికే పంపండి, మధ్యలో ఇంకో ఆసుపత్రిలో దింపితే గంట పోతుంది.

చిరుగు నీటుగా ఉండి రక్తం అదుపులోకి వస్తే కుడతాం, లేకపోతే గర్భసంచి తీసేయాల్సి వస్తుంది. కుట్టి నిలబెట్టినవాళ్ళకు మళ్ళీ గర్భం వస్తే నొప్పులు రానివ్వకుండా 36–37 వారాల మధ్య సిజేరియన్ చేయాలి. డిశ్చార్జి కాగితం మీద ఈ మాట రాసి, ఆ ఊరి ఏఎన్‌ఎంకూ ఆశాకూ చెప్పి పంపాలి.